ఆదివారం దాకా ఆపిన స్విచ్చు

కొత్త వస్తువు ఏది ఇంటికి వచ్చినా, అయ్యగారు వచ్చి ప్రార్థన చేసేదాకా దాన్ని వాడకపోవడం మా ఇంటి పద్ధతి. అయ్యగారంటే మా చర్చి పాస్టరు, సంఘ కాపరి. పెళ్లయిన కొత్తలో ఫ్రిజ్ కొన్నప్పుడు ఆయన ఊళ్లో లేరు. మూడు రోజులు దాని మీద దుప్పటి కప్పి ఉంచాం. ఎండలు మండుతున్నాయి. ఉప్పుగూడలో మా గల్లీ ఆడవాళ్లు కిటికీలోంచి తొంగిచూసి, "ఏందక్కా, ఫ్రిజ్‌కు చలిజ్వరం వచ్చిందా?" అని నవ్వారు. నా భార్య కూడా వాళ్లతో కలిసి నవ్వింది. పాలు విరిగిపోయాయి కానీ దుప్పటి మాత్రం తీయలేదు.

స్కూటరుకూ అంతే, గ్యాస్ పొయ్యికీ అంతే. ఇది వాక్యంలో రాసి ఉందా అని ఎవరైనా అడిగితే లేదనే చెప్పేవాణ్ణి. మా నాన్న చేశాడు, నేనూ చేశాను. ముందు దేవుడికి, తర్వాత మనకు. ఆ మాటను నేను ఇప్పటికీ నమ్ముతాను. అయితే ఆ మాటను అడ్డం పెట్టుకుని నేను చేసిన పని ఒకటి ఉంది. దాన్ని ప్రార్థనలో చాలాసార్లు ఒప్పుకున్నాను. మనుషుల ముందు ఒప్పుకోలేదు.

నేను కంచన్‌బాగ్ వైపు ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. సంఘంలో పెద్దను. అయ్యగారు లేని ఆదివారాల్లో వాక్యం నేనే చెబుతాను. మాకు పిల్లలు లేరు. నా భార్య బట్టలు కుట్టేది. గల్లీ వాళ్ల జాకెట్లు, సంఘంలో పిల్లల గౌన్లు, ప్రభువు బల్ల మీద పరిచే తెల్లగుడ్డలు, అన్నీ ఆమె తొక్కుడు మిషను మీద నుంచి వచ్చినవే. పొద్దున నేను వాక్యం చదువుకుంటుంటే ఆ మిషను చప్పుడు పక్క గదిలోంచి వినిపించేది. ఆ చప్పుడు లేకుండా చదవడం నాకు రాదు.

రెండేళ్ల కిందట ఆమె గుండె నీరసించింది. కాళ్లు వాచాయి. మిషను తొక్కకూడదని డాక్టర్ గట్టిగా చెప్పాడు. ఆరు నెలలు మంచం మీద కూర్చుని చేత్తో గుండీలు కుట్టింది, అంచులు మడిచింది. ఒకరోజు ఉన్నట్టుండి అడిగింది.

"కాళ్లు పనికిరాకుంటే చేతులేం పాపం జేసినయయ్యా? మోటార్ మిషను పెట్టుకుంట."

"ఎక్కడ పెడతవ్? ఇంట్ల జాగేది?"

"ఎనకాల షెడ్డు లేదా? అండ్ల కట్టెలు, నీ పాత టైర్లు తప్ప ఏమున్నది? కరెంటోనివి నువ్వే గదా. ముప్పై ఏండ్లు మందోళ్ల మిషన్లు నడిపినవ్. నా మిషను ఒక్కటి నడిపియ్యరాదు?"

ఆమె నన్ను అడిగింది అదొక్కటే. అంతకుముందు ఏం అడిగిందో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. ఏమీ గుర్తు రాలేదు.

మా ఇంటి వైరింగు పాతది. ఇస్త్రీ పెట్టె పెడితే ఫ్యాను నెమ్మదించేది. ఆ తీగల మీద ఇంకో మోటారు వేయడం నాకు నచ్చలేదు. మీటరు దగ్గర నుంచే షెడ్డుకు విడిగా ఒక కేబులు లాగి, షెడ్డు లోపల దానికి వేరే బాక్సు పెట్టాలనుకున్నాను. లైటుకో స్విచ్చు, మోటారుకో స్విచ్చు, ఇస్త్రీ పెట్టె కోసం పెద్ద సాకెట్టు. కరెంటు ఎక్కడైనా దారి తప్పి భూమిలోకి పోతే టప్పున పడిపోయి మనిషిని కాపాడే స్విచ్చు ఒకటి. ఆమె ఒంట్లో ఉన్న శక్తికి చిన్న షాకు కూడా పెద్దదే.

పక్క గల్లీలో ఒక భాయ్ ఉన్నాడు. ఇళ్లకు వైరింగులు చేస్తాడు. నాకంటే పదేళ్లు చిన్నవాడు. నేను ఫ్యాక్టరీ మనిషిని, అతను ఇళ్ల మనిషి. ఇద్దరం స్కూటరు మీద అఫ్జల్‌గంజ్ దాటి వెళ్లి సామాను తెచ్చాం. దారిలో అతను నా నడుం పట్టుకుని, "భయ్యా, రిటైరైనంక నువ్వే నా చేతికింద పనికొచ్చినవ్ సూడు," అని ఒకటే ఆటపట్టించాడు.

మొదట ఎర్తింగ్ గుంత తవ్వాం. షెడ్డు పక్కన, మా ఛాతీ లోతున. నడుమ ఇనుప పైపు నిలబెట్టి, దాని చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు, మళ్లీ బొగ్గు, మళ్లీ ఉప్పు పోయాలి. ఆమె వెనక గుమ్మంలో కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చుంది.

"ఏం తొక్కు పెడుతున్నరయ్యా? బొగ్గు తొక్కా?"

"అవ్ భాభీ," అన్నాడు భాయ్ గుంతలోంచి. "ఈ తొక్కుకు నూనె వద్దు, నీళ్లు గావాలె. ఎండిందంటే ఎర్తింగ్ పనిజెయ్యది. దినాం ఇన్ని నీళ్లు పొయ్యాలె."

"గట్లయితే నీళ్ల డ్యూటీ నాది."

ఆ మర్నాటి నుంచి బియ్యం కడిగిన నీళ్లు ఆమె పారబోయలేదు. గిన్నె పట్టుకుని, రెండో చేయి గోడకు ఆనించి, పది అడుగులు నడిచి, ఆ పైపు నోట్లో పోసేది. తిరిగి వచ్చి మంచం మీద కూర్చుని కాసేపు ఆయాసపడేది. నేను పోస్తానంటే ఒప్పుకునేది కాదు. "నా మిషనుకు నేను తాగిపిస్త," అనేది.

బాక్సును గోడకు ఎత్తులో కాక కిందకు బిగించాను. ఆమె కుర్చీలోంచి లేవకుండా చేయి చాపితే స్విచ్చు అందాలి. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, చేయి చాపమని, వేలు తగిలిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టాను. అప్పుడామె నవ్వుతూ చేయి ఇంకా కిందకు జార్చింది. "ముసలిదాన్నైతే గింతే అందుతది," అంది. రెండు గుర్తులకూ నడుమ బిగించాను.

పని పూర్తయిన మంగళవారం సాయంత్రం మబ్బు బాగా కమ్మింది. ఆమె మాత్రలు వేసుకుని పడుకుంది. ఆమె మంచం పక్క కిటికీలోంచి షెడ్డు వెనక గోడ రేకులు కనిపిస్తాయి. నేను వెళ్లి చూశాను. కళ్లు మూసుకునే ఉంది. పరీక్షించకుండా పని అయిందని చెప్పడం మా వృత్తిలో లేదు కాబట్టి, నేనూ భాయ్ షెడ్డు తలుపు దగ్గరకు వేసుకుని లైను ఇచ్చాం. ట్యూబ్‌లైటు స్విచ్చు వేశాను. వెలగలేదు. మనిషిని కాపాడే స్విచ్చు టప్పున పడిపోయింది. మళ్లీ ఎత్తాను, మళ్లీ పడింది.

భాయ్ బాక్సు మూత తీసి చూసి, తీగలు పట్టే పకడ్‌తో తల కొట్టుకున్నాడు.

"అరె భయ్యా! న్యూట్రల్‌కు, ఎర్త్‌కు నడుమ గీ తీగెందుకు కలిపినవ్?"

మా ఫ్యాక్టరీకి సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది. దాని పక్కనున్న మెయిన్ ప్యానల్లో ఆ రెంటినీ కలపడం మా పని. ముప్పై ఏళ్లు కలిపిన చేయి, ఇక్కడ కూడా నన్ను అడగకుండానే కలిపేసింది.

"గది ఫ్యాక్టరీ, గిది ఇల్లు," అన్నాడు భాయ్. "గా రెండు కలిసేది ట్రాన్స్‌ఫార్మర్ కాడనే. ఇండ్లల్ల కలిపితే గిట్లనే పడుతది. చేసినవ్ సరే, ఎందుకు చేసినవో గది గూడ సూసుకోవాలె గదా, పెద్దమనిషీ."

ఆ మాట అప్పుడు తీగ గురించే అనుకున్నాను.

తీగ తీసేశాం. మళ్లీ స్విచ్చు వేశాను. ట్యూబ్‌లైటు రెండుసార్లు కొట్టుకుని వెలిగింది. తెల్లగా కడిగిన రేకుల మీద, ఖాళీ బల్ల మీద, మూలన పెట్టిన కొత్త మిషను మీద వెలుతురు పడింది. భాయ్ సంతోషంగా నా భుజం తట్టాడు.

"పిలువు భయ్యా భాభీని. సూస్తది."

"ఆదివారం. అయ్యగారొచ్చి ప్రార్థన చేసినంక," అన్నాను.

"అరె, వెలిగింది గదా!"

"ఇది టెస్టింగే."

అతను నా మొహం చూసి, "మస్తు పద్ధతులున్నయ్ మీకు," అని సామాను సర్దుకున్నాడు.

అయ్యగారు కోస్తా వైపు సభలకు వెళ్లారు. శనివారం రాత్రికి గానీ రారు. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘమంతా మా ఇంటికి వచ్చేట్టు, ప్రార్థన తర్వాత ఆమె చేత్తోనే మొదటి స్విచ్చు వేయించేట్టు అనుకున్నాం. కుర్చీలకు, షామియానాకు చెప్పాను. బాక్సు మీద కప్పడానికి ఆమె తెల్లగుడ్డతో చిన్న తెర కుట్టసాగింది, చేత్తో, అంచున లేసు వేస్తూ. రోజుకు కొంచెమే సాగేది. ప్రార్థన కాగానే ఆ తెర తీయాలని ఆమె ఆశ. నిజం చెప్పాలంటే నాకు వేరే ఆశ కూడా ఉంది. సంఘం వాళ్లు ఆ బాక్సును, వంకర లేకుండా వేసిన పైపును చూడాలి. పెద్దాయనకు వాక్యమే కాదు పని కూడా వచ్చు అనుకోవాలి. అది నాకు అప్పుడే తెలుసు. తెలియనట్టు ఉన్నాను.

గురువారం సాయంత్రం ఆమె మంచం మీద నుంచి అడిగింది.

"ఏమయ్యా, లైటొక్కసారి వెయ్యరాదు? సూస్త."

"ఆదివారం చూద్దువు గానీ."

"బల్బుకు గూడ బాప్తిస్మం గావాల్నా ఏంది?"

నాకు నవ్వొచ్చింది. "ఫ్రిజ్‌కు దుప్పటి కప్పి మూడు రోజులు ఉంచినదానివి నువ్వే గదా," అన్నాను.

"అప్పుడు ఆగేటంత ఓపికుండె."

ఆమె నవ్వుతూనే అంది. నేను కిటికీ వైపు చూశాను. మళ్లీ అడిగింది.

"వెలుగంగ నువ్వు సూసినవా?"

నేను సంఘ పెద్దను. అబద్ధం మీద ఎన్ని ఆదివారాలు వాక్యం చెప్పానో లెక్కలేదు. చూశానంటే ఆమె చిన్నబుచ్చుకుంటుందనుకున్నాను. అంతకన్నా ఎక్కువగా, చూశానంటే ఇక ఆపడానికి నా దగ్గర కారణం మిగలదు.

"లేదు. ఇంకా వెయ్యలే," అన్నాను.

"సరే తియ్యి," అంది. తెర అంచు చేతిలోకి తీసుకుని లేసు కుట్టుకుంటూ కూర్చుంది.

శుక్రవారం బియ్యం నీళ్లు పోసి వచ్చింది. తెర సరిపోతుందో లేదో చూడమని, సూదితోనే నా చేత బాక్సు మీద కప్పించింది. శనివారం పొద్దున గిన్నె పట్టుకుని లేచి, మళ్లీ కూర్చుండిపోయింది. ఊపిరి అందడం లేదంది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. దారంతా నా చేయి పట్టుకునే ఉంది. నేను ప్రార్థన చేస్తూనే ఉన్నాను. మధ్యాహ్నం కాకముందే ఆమె వెళ్లిపోయింది.

ఇంటికి తీసుకొచ్చాం. ఆమె తమ్ముడు దూరం నుంచి రావాలి, అయ్యగారు రావాలి. భూస్థాపన ఆదివారమే అనుకున్నారు. ఫ్రీజర్ పెట్టె తెప్పించారు. దాన్ని తెచ్చిన అతను ఇంటి గోడల మీది పాత బోర్డు చూసి తల అడ్డంగా ఊపాడు.

"గిది గుంజది అన్నా. పెద్ద సాకెట్టు యాడున్నది?"

భాయ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అతను నా వైపు చూశాడు, షెడ్డు వైపు చూడలేదు.

పెద్ద సాకెట్టు ఉంది. ఇస్త్రీ పెట్టె కోసం నేనే బిగించాను. నలుగురు పట్టి పెట్టెను షెడ్డులోకి తీసుకెళ్లారు. మిషను బల్ల పక్కకు జరిపారు. బాక్సు మీది తెరను నేను తీయలేకపోతే భాయ్ తీశాడు. లేసు ఒక పక్క ఇంకా పూర్తి కాలేదు, దానికి సూది అలాగే గుచ్చి ఉంది. అతను ఆ సూదిని తీసి తన చొక్కాకు గుచ్చుకుని తెరను మడిచి నా చేతిలో పెట్టాడు. ప్రార్థన చేయడానికి అయ్యగారు లేరు. చేయగలిగినవాణ్ణి నేనున్నాను కానీ నాకు ఒక్క మాట రాలేదు. వంగి స్విచ్చు వేశాను. సుద్దతో పెట్టిన గుర్తులు రెండూ గోడ మీద అలాగే ఉన్నాయి. పెట్టె సన్నగా మూలుగుతూ పనిచేయడం మొదలుపెట్టింది. రాత్రంతా ఏ స్విచ్చూ పడిపోలేదు. నా వైరింగులో ఏ తప్పూ లేదు.

ఆదివారం పొద్దున షామియానా వాళ్లు రంగురంగుల బట్టతో వచ్చారు. శుభకార్యం అని నేనే చెప్పి ఉన్నాను కదా. వాకిట్లో మనుషుల్ని చూసి, వెనక్కి వెళ్లి తెల్లది తెచ్చారు. సంఘమంతా వచ్చింది. అనుకున్నట్టే అందరూ షెడ్డులోకి వచ్చారు. అయ్యగారు నన్ను పట్టుకుని, "బ్రదర్, ప్రభువు ఆమెను మంచి వెలుగులోకి తీసుకెళ్లాడు," అన్నారు. ఆ మాట నేను నమ్ముతాను. ఆ మాటే నేను ఎందరి ఇళ్లలోనో చెప్పాను. ఆ రోజు దాన్ని నా చెవులు విన్నాయి, అంతే.

ప్రభువు విశ్రాంతి దినాన, నడుం వంగిపోయిన ఒక స్త్రీని చక్కగా నిలబెట్టిన సంగతి వాక్యంలో ఉంది. అక్కడి మందిరపు అధికారికి కోపం వస్తుంది. మిగతా రోజులు లేవా, అప్పుడు రావచ్చు కదా అంటాడు. ఆ భాగం మీద నేను చాలాసార్లు చెప్పాను. ఆ అధికారిని ప్రతిసారీ తిట్టాను. అతనికి రోజు కనిపించింది, మనిషి కనిపించలేదు అని చెప్పేవాణ్ణి. సంఘం తల ఊపేది. ఆమె ముందు వరసలో కూర్చుని అందరికంటే ముందే ఊపేది. అందులో నేను ఎక్కడ నిలబడతానో ఒక్కసారీ చూసుకోలేదు. ఆదివారం దాకా ఆగమని దేవుడు నాకు చెప్పలేదు. నేను చెప్పి ఆయన పేరు పెట్టాను.

నెల తర్వాత అయ్యగారు ఫోన్ చేసి, షెడ్డుకు సమర్పణ ప్రార్థన ఎప్పుడు పెట్టుకుందామని అడిగారు.

"అయిపోయిందయ్యగారూ," అన్నాను.



బియ్యం కడిగిన నీళ్లు ఇప్పుడు నేనే పోస్తున్నాను. ఒక్కడికి వండుకునే బియ్యం కడిగితే ఎన్ని నీళ్లు వస్తాయి? ఒకరోజు పైపు దగ్గర మట్టి పగిలి ఉండటం చూసి భాయ్ బకెట్టుతో నీళ్లు తెచ్చి పోశాడు. పోసి అక్కడే గొంతుక్కూర్చున్నాడు.

"భయ్యా, ఒక మాట. ఇన్ని దినాలు చెప్పాల్నా వద్దా అని ఉండె."

"చెప్పు భాయ్."

"గురువారం పొద్దుగాల్ల నేను నిచ్చెన తీస్కపోనీకి వచ్చిన. నువ్వు దుకాణానికి పోయినవ్. భాభీ అడిగింది, మొన్న సాయంత్రం లైటు మీరు వేసిన్రు గదా అని. నేను అబద్ధం జెప్పలే. అవ్ అన్న. నాకెరికే, రేకు సందులకెళ్లి కనబడ్డది అన్నది."

నేను ఖాళీ బకెట్టును పక్కకు జరిపాను.

"ఆయనకు జెప్పకు అన్నది. ఆదివారం కొత్తగ సూసినట్టు జేస్త, సంబరపడుతడు అన్నది."

గురువారం పొద్దున. నన్ను ఆమె అడిగింది ఆ సాయంత్రం. వెలుగంగ నువ్వు సూసినవా అని. తెలిసే అడిగింది. నేను నిజం చెప్పడానికి ఒక దారి తెరిచి, నేను రాకపోతే, సరే తియ్యి అని తానే మూసింది.

భాయ్‌ని అడిగాను. "ఎంత కనపడ్డదట?"

"గది చెప్పలే భయ్యా."

ఆ రోజూ మబ్బు పట్టి ఉంది. భాయ్‌ని షెడ్డులోకి వెళ్లి తలుపు దగ్గరకు వేసి లైటు వేయమన్నాను. లోపలికి వెళ్లి ఆమె మంచం మీద, ఆమె పడుకునే వైపు పడుకున్నాను. తల ఆ దిండు మీద పెట్టి కిటికీ వైపు తిరిగాను. రేకులు నల్లగా ఉన్నాయి. తర్వాత రెండుసార్లు ఏదో కదిలినట్టయింది. రెండు రేకులు కలిసే చోట, కింద నుంచి మూరెడు ఎత్తు దాకా, దారమంత సన్నగా తెల్లటి గీత నిలిచింది.

"కనబడుతున్నదా భయ్యా?" షెడ్డులోంచి భాయ్ కేక వేశాడు.

"కనబడుతున్నది," అన్నాను. "ఆర్పకు. కొంచెంసేపు ఉండనియ్యి."